మాంద్యంలో మల్టీనేషనల్ కంపెనీ ఏం మార్చుకుంటుంది, అందులో డిస్ట్రిబ్యూటరు మీద పడేదెంత

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "తిరుపతిలో ఒక విదేశీ కంపెనీ సబ్బులు, షాంపూలు, బిస్కెట్లకు మేం డిస్ట్రిబ్యూటర్లం. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు లైన్లు (సరుకు వేసే రూట్లు) కూడా మావే. ఈమధ్య గ్రాములు తగ్గించారు, ఐదు, పది రూపాయల ప్యాకులే ఎక్కువ తోస్తున్నారు, ఏడు రోజుల క్రెడిట్ తీసేశారు, ఒక సేల్స్‌మన్‌కు కంపెనీ ఇచ్చే జీతం ఆపేశారు. బయటి దేశాల్లో వ్యాపారం బాగాలేదంటున్నారు. కంపెనీ సర్దుకుని వెళ్లిపోతుందా? ఉంటే మేం కొనసాగాలా?"

మీరు చెప్పిన నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. గ్రాములు తగ్గించడం, చిన్న ప్యాకు తోయడం అంటే కంపెనీ ఇక్కడ ఉండటానికి చూస్తోందని అర్థం. క్రెడిట్ తీసేయడమంటే వాళ్ల వర్కింగ్ క్యాపిటల్‌ను మీ ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) ఖాతాలోకి జరపడం. సేల్స్‌మన్ జీతం ఆపడం మాత్రం జాగ్రత్తగా గమనించాల్సిన విషయం. గడ్డుకాలంలో పెరిగిన ఖర్చు ఎక్కడికీ పోదు, ఒకరి పద్దులోంచి ఇంకొకరి పద్దులోకి వెళ్తుంది. కొనేవాడు, అంగడివాడు, డిస్ట్రిబ్యూటరు, ముడిసరుకు పండించే రైతు, విదేశంలోని మాతృసంస్థ, ఈ ఐదుగురిలో ఎవరి పద్దులోకి ఎంత వెళ్తోందో లెక్క కడితే కంపెనీ ఆలోచన తెలిసిపోతుంది. ఏరియా సేల్స్ మేనేజరును (ఏఎస్‌ఎం) అడిగినా ఇంత స్పష్టంగా చెప్పడు, చాలాసార్లు ఆయనకూ తెలియదు.

ముందు గ్రాముల సంగతి. మన దగ్గర కొనేవాడి చేతిలో ఉండేది 1, 2, 5, 10, 20 రూపాయల బిళ్లలు, నోట్లు. పల్లెలో అంగడికొచ్చిన మనిషి ఐదు రూపాయల బిళ్ల పెట్టి ప్యాకెట్ అడుగుతాడు, ఎన్ని గ్రాములని అడగడు. దాన్ని ఐదున్నర చేస్తే చిల్లర గొడవతో అంగడివాడే ఆ సరుకు వెనక్కి నెట్టి పక్క కంపెనీది ముందు పెడతాడు. అందుకే ధర కదలదు, బరువు కదులుతుంది. ఒక ఉదాహరణ వేద్దాం. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ 60 గ్రాములు, అందులో ముడిసరుకు ఖర్చు రెండున్నర రూపాయలు అనుకోండి. గోధుమపిండి, పామాయిల్, పంచదార కలిపి 12 శాతం పెరిగితే అదే ప్యాకెట్‌కు 2.80 అవుతుంది. ఆ 30 పైసలు రాబట్టాలంటే 60ని 1.12తో భాగించాలి, 53.6 గ్రాములు వస్తుంది. అంటే ఆరు గ్రాములకు పైగా కోత. మొదటి విడతలో బిస్కెట్ల సంఖ్య తగ్గించకుండా మందం తగ్గిస్తారు. రెండో విడతలో ఒక బిస్కెట్ తీసేస్తారు, అప్పుడు పిల్లలు కనిపెడతారు. రేపర్, ఓవెన్, లారీ కిరాయి గ్రాములతో పాటు తగ్గవు కాబట్టి మూడో విడతకు ఈ ఉపాయం పనిచేయదు. అక్కడికి వచ్చాక గాని ఐదు రూపాయల ప్యాకెట్ ఆపేసి పది రూపాయలది చూపించరు.

ఇందులో మీకు తగిలే దెబ్బ కేసు లెక్కలో ఉంటుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు గ్రాములొక్కటే చూడకండి, అట్టపెట్టె మీద ఎన్ని ప్యాకెట్లో చూడండి. 144 ప్యాకెట్ల కేసు 120కి దిగితే, ఎంఆర్‌పీ మీద లెక్కేస్తే 720 రూపాయల కేసు 600 అయినట్టు. మీ మార్జిన్ 5 శాతం అనుకుంటే అది 36 నుంచి 30 రూపాయలకు దిగింది. దించినందుకు హమాలీకి కేసుకు 4 రూపాయలు ఇస్తున్నారనుకుంటే, ఆ 4 మాత్రం అలాగే ఉంది. మార్జిన్ శాతం ఒక్క పైసా తగ్గించకుండానే మీ చేతికి వచ్చేది తగ్గింది. హమాలీ, వ్యాను ఖర్చులు కేసు లెక్కన రాసుకునేవాళ్లకే ఇది కనపడుతుంది.

బరువు తగ్గించడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. బిస్కెట్లు, సబ్బులు, టీ పొడి లాంటివి ఇన్నిన్ని గ్రాముల్లోనే అమ్మాలన్న పాత షెడ్యూలును లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లోంచి 2021 సవరణలో ఎత్తేశారు. బదులుగా గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలన్నారు. కిలోలోపు ఉన్నదానికి గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర. ఆ చిన్న అంకె మీకు బాగా పనికొస్తుంది: పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు పెంపు ఎంతో కనపడుతుంది. ఒకే ఎంఆర్‌పీతో రెండు బరువుల సరుకు గోడౌన్‌లో ఉన్నప్పుడు పాతది పూర్తయ్యాకే కొత్తది లైనులోకి వదలండి. రెండూ ఒకే అంగట్లో పక్కపక్కన పడితే తేలికది రెండు నెలలు కదలదు, చివరికి డ్యామేజీ కింద మీకే తిరిగొస్తుంది.

2025 సెప్టెంబరు 22న షాంపూ, సబ్బు, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు ఇదే కథ తలకిందులుగా జరిగింది. రూపాయి సాషెను 88, 89 పైసలకు అమ్మలేరు కదా, అందుకని ధర ఉంచి లోపలి మిల్లీలీటర్లు పెంచే దారి పట్టారు. డిస్ట్రిబ్యూటర్లకు దెబ్బ వేరే చోట తగిలింది. పన్ను కాకుండా 16 లక్షల సరుకు 18 శాతంతో కొని ఉంచుకున్నవాడి క్రెడిట్ లెడ్జర్‌లో (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ జమయ్యే ఖాతాలో) 2.88 లక్షలు ఉంటాయి. అమ్మేటప్పుడు కట్టాల్సింది 5 శాతమే, సుమారు 80 వేలు. మిగతా 2.08 లక్షలు లెడ్జర్‌లో ఇరుక్కుపోతాయి. కొన్న సరుకే అమ్మేటప్పుడు, కేవలం రేటు మారినందుకు రీఫండ్ రాదు. ఇకముందు కొనేదీ 5 శాతమే కాబట్టి నెలకు 2 లక్షల మార్జిన్ మీద కట్టాల్సిన పన్ను 10 వేలు, అంటే ఆ డబ్బు కరగడానికి ఇరవై నెలలు. మీ పెట్టుబడి లెక్కలో ఈ వరుస లేకపోతే ఇప్పుడే చేర్చుకోండి.

ఇక చిన్న ప్యాకులు. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం కొనడం మానరు, ప్యాకు మారుస్తారు. రోజుకూలీ కిందికి దిగి సాషె కొంటాడు. నెల జీతగాడు పెద్ద ప్యాకులో గ్రాము ధర తక్కువని అటు పోతాడు. మధ్యలో 40 నుంచి 80 రూపాయల ప్యాకులు అంగట్లో దుమ్ము పట్టేది అప్పుడే. కంపెనీ టార్గెట్ మాత్రం విలువ మీద ఉంటుంది కాబట్టి నెలాఖరుకు ఆ మధ్య ప్యాకులే మీ గోడౌన్‌లోకి వచ్చి పడతాయి. అవి పది రోజుల స్టాకుకు మించకుండా చూసుకోండి. తిరుపతి టౌన్ లెక్క వేరు. బస్టాండు, రైల్వేస్టేషన్, అలిపిరి చుట్టుపక్కల సాషె కొనేవాళ్లలో పేదవాళ్లే ఉండరు, ఒక్కరోజు బసకు వచ్చిన యాత్రికులు ఉంటారు. అక్కడ సాషె అమ్మకం పెరిగితే మాంద్యమని కంపెనీకి రిపోర్టు రాయకండి, సెలవుల రద్దీ అయ్యుండొచ్చు. టౌనూ పల్లె లైన్లూ వేర్వేరు పేజీల్లో పెట్టుకోకపోతే మీ అంకెలు మిమ్మల్నే మోసం చేస్తాయి. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధించాక గాజు బాటిళ్లు వచ్చినట్టు, స్థానిక నిబంధనను బట్టి ప్యాకింగే మారిపోయే చోటు ఇది. ముంబై ఆఫీసులో వేసిన ప్లాను ఇక్కడ అలాగే నడుస్తుందనుకోకూడదు.

కంపెనీ వెళ్తుందా, ఉంటుందా అన్నదానికి వేరే దేశాల్లో జరిగింది చూస్తే మంచిది. థాయ్‌లాండ్ 1997 జూలై 2న తన కరెన్సీ బాత్ విలువను మార్కెట్‌కు వదిలేశాక అక్కడ ఏడాది కార్ల అమ్మకం 1996లోని సుమారు 5.89 లక్షల నుంచి 1998లో 1.44 లక్షలకు పడిపోయింది. జపాన్ కంపెనీలు ఫ్యాక్టరీలు మూయకుండా, బాత్ చవకైంది గనక అక్కడ చేసిన పికప్ ట్రక్కులను బయటి దేశాలకు పంపడం మొదలుపెట్టాయి. రష్యాలో 1998 ఆగస్టు 17 తరువాత రూబుల్ డాలరుకు ఆరు చిల్లర నుంచి ఏడాది చివరికి ఇరవై దాకా పోయింది. దిగుమతి సరుకు షాపుల్లో మాయమైంది, అక్కడే ఫ్యాక్టరీ ఉన్నవాళ్లకు మార్కెట్ దక్కింది. దీనికి ఎదురు ఉదాహరణ నైజీరియా. 2023 జూన్‌లో అక్కడి కరెన్సీ నైరా పడిపోయాక, ఆగస్టులో జీఎస్‌కే, డిసెంబరులో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, స్థానిక కార్యకలాపాలు చుట్టేసి బయటి నుంచి సరుకు తెప్పించి అమ్మే పద్ధతికి మారుతున్నామని చెప్పాయి.

తేడా ఎక్కడుందంటే, ముడిసరుకులో డాలరు వాటా ఎంత అన్నదాంట్లో. వంద రూపాయల ఖర్చులో 40 రూపాయలు దిగుమతి అయితే, డాలరు 10 శాతం పెరిగినప్పుడు ఖర్చు 4 రూపాయలు పెరుగుతుంది. లాభం 8 రూపాయలు ఉంటే సగం పోయినట్టే. అదే దిగుమతి 10 రూపాయలైతే పోయేది ఒక్క రూపాయి. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామిక వాడలో కోల్గేట్, పెప్సికో, మాండెలీజ్ వాళ్ల క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ, ఇసుజు, డైకిన్ వచ్చి కూర్చోవడానికి చెన్నై రేవులు దగ్గర కావడం ఒక కారణం. ఇక్కడ కొని, ఇక్కడ చేసి, ఇక్కడ అమ్మితే రూపాయి కదలికకు తక్కువ భయపడొచ్చన్నది ఇంకో కారణం. అలాగని ఫ్యాక్టరీ ఉంటే చాలు, కదలరని కూడా లేదు. ఫోర్డ్‌కు చెన్నై దగ్గరా, గుజరాత్ సనంద్‌లోనూ పెద్ద ఫ్యాక్టరీలుండేవి, అయినా 2021 సెప్టెంబరులో ఇండియాలో తయారీ ఆపేస్తున్నామంది. ఫ్యాక్టరీ నిండా పని ఉందా లేదా అన్నది కూడా చూడాలి.

మీ కంపెనీ ఇక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉంటే పని సులువు. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో వాల్యూమ్ గ్రోత్ (రూపాయల్లో కాక సరుకు పరిమాణంలో పెరుగుదల) అనే అంకె వెతకండి. అమ్మకం రూపాయల్లో పెరిగి వాల్యూమ్ పెరగలేదంటే ధరల మీద బతుకుతున్నారని అర్థం. రెండు మూడు త్రైమాసికాలు వాల్యూమ్ తగ్గుతూ ఉంటే మీ మీద నెలాఖరు ఒత్తిడి ఖాయం. వార్షిక నివేదికలో బ్రాండు, టెక్నాలజీ వాడుకున్నందుకు మాతృసంస్థకు కట్టే రాయల్టీ శాతం కూడా చూడండి. నెస్లే ఇండియాలో దాన్ని 4.5 నుంచి మెల్లగా 5.25 శాతానికి పెంచాలన్న ప్రతిపాదనను 2024 మేలో వాటాదారులు తిప్పికొట్టారు. మాతృసంస్థకు బయట డబ్బు అవసరమైతే ముందుగా చెయ్యిపెట్టేది ఇలాంటి చోటే.

వెళ్లిపోయే కంపెనీ గుర్తులు ఇవి. సేల్స్‌మన్‌కు తాను ఇచ్చే జీతం ఆపేస్తుంది. ఖాళీ అయిన టీఎస్‌ఐ (ఒక ప్రాంతం అమ్మకాలు చూసే కంపెనీ ఉద్యోగి) పోస్టు మూడు నెలలైనా నింపరు, రెండు ఏరియాలు కలిపి ఒకరికే ఇస్తారు. నెలలో సెటిలయ్యే క్లెయిములు (స్కీములకు, డ్యామేజీకి మీరు పెట్టుకుని కంపెనీ నుంచి రాబట్టుకోవాల్సిన డబ్బు) మూడు నెలలకు పోతాయి. ఇక్కడ తయారైన సరుకు స్థానంలో దిగుమతి స్టిక్కరున్న సరుకు వస్తుంది. సగం ఆయుష్షు అయిపోయిన బ్యాచులు లారీ ఎక్కుతాయి. కొత్త సరుకు లాంచ్ ఏడాదిగా ఉండదు. పక్క డిస్ట్రిబ్యూటరు మానేస్తే కొత్తవాణ్ని వెతక్కుండా ఆ ఏరియా కూడా మీరే చూడమంటారు, చాలామంది దీన్ని ప్రమోషన్ అనుకుని సంబరపడతారు. వీటిలో ఒకటి రెండు ఏ కంపెనీలోనైనా ఉంటాయి. నాలుగు కలిసి కనపడితే మాత్రం కొత్త పెట్టుబడి ఆపేయండి. మీ విషయంలో ఇప్పటికి కనపడుతున్నది సేల్స్‌మన్ జీతం ఒక్కటే.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీరు కొనసాగాలా వద్దా. కంపెనీ ఉండటం వేరు, మీకు గిట్టుబాటు కావడం వేరు. కింది లెక్కలో మీ అంకెలు వేసుకోండి.

మామూలు రోజుల్లో నెలకు 40 లక్షల అమ్మకం, 5 శాతం మార్జిన్, అంటే 2 లక్షలు. జీతాలు, వ్యాను, గోడౌన్ అద్దె, కరెంటు, కంప్యూటర్ మనిషి కలిపి 1.35 లక్షలు. మిగిలేది 65 వేలు, ఏడాదికి 7.8 లక్షలు. పెట్టుబడి చూస్తే, రోజు అమ్మకం 1.33 లక్షలు కాబట్టి 12 రోజుల స్టాకు 16 లక్షలు, మార్కెట్లో 10 రోజుల బాకీ 13.3 లక్షలు, రావాల్సిన క్లెయిములు 3 లక్షలు. ఇందులోంచి కంపెనీ ఇచ్చే 7 రోజుల క్రెడిట్ 9.3 లక్షలు తీసేస్తే మీ డబ్బు 23 లక్షలు. 23 మీద 7.8 అంటే దాదాపు 34 శాతం.

గడ్డుకాలంలో అమ్మకం పది శాతమే తగ్గిందనుకుందాం. 36 లక్షలు, మార్జిన్ 1.8 లక్షలు. ఖర్చులు తగ్గవు, మిగిలేది 45 వేలు, ఏడాదికి 5.4 లక్షలు. స్టాకు 18 రోజులకు పెరిగింది, 21.6 లక్షలు. అంగళ్ల బాకీ 18 రోజులైంది, ఇంకో 21.6 లక్షలు. క్లెయిములు 6 లక్షలు. కంపెనీ క్రెడిట్ సున్నా. మొత్తం 49.2 లక్షలు. రాబడి 11 శాతం.

అమ్మకం పడింది పది శాతం, రాబడి పడింది 34 నుంచి 11కి. ఆ 49 లక్షల్లో సగం బ్యాంకు ఓడీ అయితే, వడ్డీ కట్టాక మీ సొంత శ్రమకు కూలి కూడా మిగలదు. గమనించండి, ఈ నష్టంలో పెద్ద భాగం అమ్మకం తగ్గడం వల్ల రాలేదు, స్టాకు, బాకీ, క్లెయిముల రోజులు పెరగడం వల్ల వచ్చింది. రోజుల మీద మీకు పట్టు ఉంది, డిమాండు మీద లేదు. ఏఎస్‌ఎంతో మాట్లాడేటప్పుడు మార్జిన్ పెంచమని అడిగితే పై నుంచి అనుమతి కావాలంటాడు, అది ఎప్పటికీ రాదు. క్లెయిము 30 రోజుల్లో, స్టాకు 12 రోజులకు మించకుండా అని అడగండి. అవి ఆయన చేతిలో ఉన్నవి. సేల్స్‌మన్ జీతం ఆపారు కదా, ఆ జీతం మీరు మోస్తే ఖర్చు 1.35 లక్షలు దాటుతుంది. ఆ లైను మీద ఎంత మిగులుతోందో విడిగా చూసి, జీతం కూడా రాకపోతే వారానికి ఒక ట్రిప్పును పదిహేను రోజులకు ఒకటి చేయండి.

నెలాఖరు ఒత్తిడికి ఒక సూత్రం పెట్టుకోండి. వచ్చే నెల రోజుకు ఎంత అమ్ముతారో దాన్ని 12తో గుణించి, ఇప్పుడున్న స్టాకు తీసేయండి. వచ్చిన అంకెకు మించి బిల్లు వేయనివ్వకండి. స్కీమ్ ఆశ చూపిస్తారు. 2 శాతం అదనపు స్కీమ్ కోసం 20 రోజుల సరుకు ఎక్కువ తీసుకుంటే, ఓడీ 12 శాతం మీద 20 రోజుల వడ్డీకే 0.66 శాతం పోతుంది, ఆ సరుకు కదలక 60 రోజులు కూర్చుంటే స్కీమ్ మొత్తం వడ్డీకే సరి. పైగా ఆ సరుకును వదిలించుకోవడానికి హోల్‌సేల్‌కు తక్కువకు ఇస్తే అది తిరిగి మీ లైనులోకే వస్తుంది. చిత్తూరు వైపు లైన్లకు వేలూరు, గుడియాత్తం హోల్‌సేల్ నుంచి అలాంటి సరుకు దిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మీ అంగళ్లలో మీరు వేయని సరుకు కనపడితే కేసు మీది బ్యాచ్ నంబరు ఫోటో తీసి, అంగడి పేరు, తేదీతో కంపెనీకి మెయిల్ పెట్టండి. ఏ డిపో నుంచి ఎవరికి వెళ్లిందో వాళ్ల సిస్టమ్‌లో తేలుతుంది. ఫోన్లో చెప్తే మాత్రం గాలికి పోతుంది.

ఆయుష్షు తక్కువ సరుకు విషయంలో దించుకునేటప్పుడే పట్టుబట్టాలి. మొత్తం కాలంలో కనీసం 60 శాతం మిగిలి ఉంటేనే తీసుకుంటామని ముందే మెయిల్‌లో ఒప్పందం పెట్టుకోండి. ఆరు నెలల బిస్కెట్ అయితే 108 రోజులు. తక్కువుంటే లారీ రశీదు మీద బ్యాచ్, తేదీ రాసి డ్రైవరు సంతకం తీసుకుని ఆ కేసులు వెనక్కి పంపండి. గోడౌన్‌లోకి దించాక అది మీ సరుకే.

క్లెయిముల్లో డబ్బు పోయేది కాగితం లేక. స్కీమ్ వాట్సాప్ మెసేజ్‌తో మొదలైతే సర్క్యులర్ వచ్చేదాకా అంగడివాడికి ఇవ్వకండి. క్రెడిట్ నోటు వచ్చినప్పుడు అది జీఎస్టీతో ఉన్నదా, లేక పన్ను లేని కమర్షియల్ నోటా చూడండి. జీఎస్టీ నోటు అయితే ఆ మేరకు మీ ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. కమర్షియల్ నోటుకు అలా ఇవ్వనక్కర్లేదని 2025 సెప్టెంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పారు. చాలాచోట్ల అకౌంటెంట్లు రెండింటికీ క్రెడిట్ తిప్పేసి ఊరికే పోగొడతారు. ధరగానీ పన్నుగానీ తగ్గుతుందని ప్రకటన వచ్చిన రాత్రే బ్యాచ్‌వారీ స్టాకు తీసి మెయిల్ పెట్టేయాలి, వారం తరువాత పెడితే ఆ తేడా రాదు.

అంగళ్ల బాకీకి పాత బిల్లు కడితేనే కొత్త బిల్లు అన్న పద్ధతి మంచి రోజుల్లో నడుస్తుంది, చెడ్డ రోజుల్లో అంగడివాడు పక్క కంపెనీ దగ్గరికి పోతాడు. అందుకని అంగడికో పరిమితి పెట్టండి, వారం కొనుగోలుకు ఒకటిన్నర రెట్లు. 21 రోజులు దాటిన బాకీని సేల్స్‌మన్‌కు వదలకుండా మీరే వెళ్లి అడగండి. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అందుకున్నాక వాళ్లకు 15 రోజులు, ఆ తరువాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఒక్క గడువు తప్పినా కేసు బలహీనపడుతుంది.

మన పల్లెల్లో డబ్బు ఎప్పుడు ఆడుతుందో కంపెనీ ప్లానులో ఉండదు. పాల బిల్లు పది, పదిహేను రోజులకోసారి వస్తుంది, దాని మరుసటి రెండు రోజులే అంగడివాడు బాకీ కట్టగలిగే రోజులు. లైను రోజును దానికి సర్దితే బాకీ మూడు నాలుగు రోజులు తగ్గుతుంది. ఇంకోటి మామిడి. బహుళజాతి పానీయాల కంపెనీలు గడ్డుకాలంలో ఎలా సర్దుకుంటాయో చూడాలంటే తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల కంటే మంచి చోటు లేదు. రెండు టన్నుల కాయకు సుమారుగా ఒక టన్ను గుజ్జు. అది 215 కిలోల డ్రమ్ముల్లో ఏడాదికి పైగా నిల్వ ఉంటుంది. నిల్వ ఉంటుంది కాబట్టే కొనేవాడికి తొందర లేదు. డిమాండు తగ్గిన ఏడాది పానీయాల కంపెనీ ముందస్తు ఆర్డరు తగ్గించి, అవసరమైనప్పుడు ఎత్తుకుంటానంటుంది. డ్రమ్ములు ఫ్యాక్టరీలో ఉండిపోతాయి, ఫ్యాక్టరీ డబ్బు డ్రమ్ముల్లో ఉండిపోతుంది, మరుసటి సీజన్‌కు కాయ కొనడానికి చేతిలో ఏమీ ఉండదు. పానీయంలో పండు వాటా కనీసం 10 శాతం ఉండాలన్నది నిబంధన. అంతకంటే ఎక్కువ వేసే బ్రాండుకు ఆ పై భాగం తగ్గించుకునే వీలూ ఉంది. 2025 సీజన్‌లో జరిగింది తెలిసిందే: పాత గుజ్జు పేరుకుపోయి ధర పడిపోతే, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని ప్రకటించాల్సి వచ్చింది. జూన్, జూలైలో ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్ల క్యూ పొడవుగా ఉండి, రైతుకు డబ్బు ఆలస్యమైందంటే, ఆగస్టులో బంగారుపాళ్యం, పూతలపట్టు వైపు మీ అమ్మకం తగ్గుతుంది. ఆ నెల టార్గెట్ జూన్‌లోనే తగ్గించుకోవాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆలస్యంగా డబ్బిచ్చే పెద్ద కంపెనీల మీద చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజుల హక్కు, బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ ఉంటాయని విని చాలామంది డిస్ట్రిబ్యూటర్లు ఉద్యమ్ అనే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. వ్యాపారులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ ఇస్తున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ అందులో రాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు అట్టపెట్టెలు, విడిభాగాలు చేసి ఇచ్చే సూక్ష్మ, చిన్న యూనిట్లకు అది వర్తిస్తుంది. వాళ్లయితే 250 కోట్ల టర్నోవరు దాటిన కొనుగోలుదారు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికలో చేరి తీరాలన్న నిబంధనను వాడుకుని, బిల్లును అక్కడ డిస్కౌంట్ చేయించుకుని గడువుకు ముందే డబ్బు తీసుకోవచ్చు. మీకు ఆ దారి లేదు, మీ రక్షణంతా డిస్ట్రిబ్యూటర్ ఒప్పందంలోనే ఉంది. అందుకే దాన్ని ఒకసారి బయటికి తీసి చదవండి.

పై లెక్కలో మీ రాబడి రెండు త్రైమాసికాలు వరుసగా 15 శాతం లోపే ఉండి, ఏఎస్‌ఎం రోజుల విషయంలో ఒక్కటీ చేయకపోతే వదిలేయడం గురించి ఆలోచించండి. అప్పుడు వరుస ముఖ్యం. రాజీనామా ముందు ఇచ్చేస్తే మీ క్లెయిములు అక్కడే ఆగిపోతాయి. మొదట ఆర్డరు తగ్గించి స్టాకును వారానికి దించండి. తరువాత పాత క్లెయిములన్నీ నెలవారీగా రాసి, రాతపూర్వక ఒప్పుదల తీసుకోండి. డ్యామేజీ, ఎక్స్‌పైరీ సరుకు ఆ లోపే వెనక్కి పంపేయండి. అంగళ్ల బాకీ సగానికి దిగాక, ఒప్పందంలో ఉన్న నోటీసు కాలంతో మెయిల్ పెట్టండి. మిగిలిన స్టాకును కొత్త డిస్ట్రిబ్యూటరు కొన్న ధరకే తీసుకునేలా, ఆ బిల్లు కంపెనీ మనిషి ముందు రాయించండి. సెక్యూరిటీ కింద ఇచ్చిన తేదీ లేని చెక్కుల నంబర్లు నోటీసులోనే రాసి, అవి చేతికి వచ్చేదాకా నో డ్యూస్ (ఇక బాకీలేమీ లేవన్న కాగితం) మీద సంతకం పెట్టకండి.